మోబీ డిక్ మీద ఒకరోజు సదస్సు (చెన్నై): ఎలా నడపాలో చెప్పండి

అయనావరం పాఠకుడు:

అందరికీ నమస్కారం. అయనావరం, పెరంబూర్, విల్లివాక్కం వైపు ఉండే తెలుగువాళ్ళం కొంతమంది నెలకోసారి మా అపార్ట్‌మెంట్ హాల్లో కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుకుంటూ ఉంటాం. రైల్వేలో రిటైరైన పెద్దవాళ్ళు, ఐటీ వాళ్ళు, కాలేజీ పిల్లలు కొందరు, ఇల్లు చూసుకుంటూనే మా అందరికంటే ఎక్కువ చదివే ఆడవాళ్ళు, అంతా కలిపి పాతికమంది దాకా వస్తారు. ఇన్నాళ్ళూ కథలతో, చిన్న నవలలతో కాలం గడిచిపోయింది. పోయినసారి ఎవరో ఒక పెద్ద పుస్తకం పట్టుకుందామన్నారు, మాట మీద మాట పెరిగి చివరికి హెర్మన్ మెల్విల్ రాసిన 'మోబీ డిక్' మీద ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా సదస్సు పెడదామని తేల్చేశారు. నడిపే పని మాత్రం నా నెత్తిన పెట్టారు.

పుస్తకం నేను చదివాను, నచ్చింది. టెన్షన్ అంతా మిగతావాళ్ళ గురించే. 135 అధ్యాయాలు, చివర్లో ఒక ఉపసంహారం. ఏప్రిల్ దాకా టైముంది కానీ సగం మంది పూర్తి చెయ్యరని ఇప్పుడే తెలుస్తోంది. కథ చెప్పమంటే రెండు ముక్కల్లో అయిపోతుంది: తన కాలు తినేసిన తెల్ల తిమింగిలం మీద కెప్టెన్ ఏహబ్ పగబడతాడు, నూనె కోసం బయల్దేరిన ఓడని ఆ పగకి వాడుకుంటాడు, ఓడా మనుషులూ మునిగిపోతారు, ఇష్మాయేల్ ఒక్కడు మిగిలి మనకి చెబుతాడు. అయితే ఈ ఏహబ్ 28వ అధ్యాయం దాకా డెక్ మీదకే రాడు. ఆ తెల్ల తిమింగిలం 133 దాకా కంటపడదు. మధ్యలో ఉన్నదంతా తిమింగిలం తల ఎలా ఉంటుంది, తోక ఎలా ఉంటుంది, ఎన్ని జాతులు, నూనె ఎలా కాస్తారు అన్నదే. జాతుల గొడవ వచ్చే 32వ అధ్యాయం దగ్గర అప్పుడే కొందరు ఆగిపోయి వాట్సాప్ గ్రూపులో ఏడుపు బొమ్మలు పెడుతున్నారు.

ఆ అధ్యాయాలు వదిలేసి కథ వరకు చదివి రమ్మంటే తప్పా? బయటినుంచి వక్తల్ని పిలవాలా, మేమే మాట్లాడుకుంటే చాలా? మా కమిటీలో ఒక పెద్దాయన సభాధ్యక్షుడు, ముఖ్య అతిథి, నాలుగు పత్రాలు, చివర్లో శాలువాలు అని అప్పుడే కాగితం మీద పెట్టేశారు. ఆయన మనసు కష్టపెట్టకుండా ఏం చెయ్యొచ్చో కూడా చెప్పండి.

తిరువాన్మియూర్ మేష్టారు:

శాలువాల సంగతి ముందు తేల్చండి బాబూ. మన సభలు ఎలా జరుగుతాయో తెలియనిది కాదు. అధ్యక్షులవారు అందరికంటే ఎక్కువసేపు మాట్లాడతారు, ముఖ్య అతిథి పుస్తకం తప్ప మిగతావన్నీ చెబుతారు, నిజంగా చదువుకుని వచ్చిన ఆఖరి మనిషికి "సమయాభావం వల్ల రెండు నిమిషాల్లో ముగించండి" అని చీటీ వెళ్తుంది. పత్రాలు చదివే సదస్సు అయితే ఈ పుస్తకం చచ్చిపోతుంది. పైకి చదివితేనే ఇది బతుకుతుంది.

మీ పెద్దాయనకి 9వ అధ్యాయం ఇవ్వండి. అందులో ఫాదర్ మాపుల్ అనే మతగురువు నావికుల చర్చిలో, బైబిల్లో పెద్ద చేప మింగిన జోనా కథ మీద ఉపన్యాసం చేస్తాడు. 8వ అధ్యాయంలో ఆయన ఓడ ముక్కులా కట్టిన వేదిక మీదకి తాడు నిచ్చెనతో ఎక్కి, ఎక్కాక ఆ నిచ్చెన పైకి లాగేసుకుంటాడు కూడా. మైకు వదలని మనిషికి ఇంతకంటే తగిన పాత్ర దొరకదు. సగానికి కుదించి ఇస్తే గొంతు ఎత్తి బ్రహ్మాండంగా చదువుతారు, రోజంతా సంతోషంగా ఉంటారు.

ఇక తిమింగిలాల అధ్యాయాలు. అన్నీ చదివి తీరాలని నేను అనను, 32 దగ్గర ఆగినవాళ్ళని నేరుగా 36కి దూకమనండి, కొంపలేం మునగవు. అన్నీ తీసేస్తే మాత్రం ఒక పగ కథ మిగులుతుంది, పగ కథలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. మెల్విల్ ఆలోచన ఆ అధ్యాయాల్లోనే ఉంది. ఒక్క 96 చదివించండి చాలు. ఆ రోజుల్లో అమెరికాలో చాలా ఇళ్ళల్లో దీపాలకి, మిల్లుల్లో యంత్రాల కందెనకి వాడింది ఈ నూనే, పెన్సిల్వేనియాలో పెట్రోలు బావి తవ్వింది 1859లో, అంటే ఈ నవల వచ్చిన ఎనిమిదేళ్ళకి. ఆ ఓడ నడిసముద్రంలో ఉన్న ఫ్యాక్టరీ అన్నమాట. డెక్ మీద ఇటుకలతో కట్టిన పొయ్యి, దాని మీద పెద్ద కాగులు, కొవ్వు ముక్కలు వేసి కాస్తారు. నూనె దిగాక మిగిలిన పిప్పిని మళ్ళీ అదే పొయ్యిలో వేస్తారు, అంటే తిమింగిలాన్ని తిమింగిలంతోనే కాలుస్తారు. రాత్రిపూట ఆ మంట చూస్తూ చుక్కాని పట్టుకున్న ఇష్మాయేల్ ఒక్క క్షణం కునుకు తీసి, తెలియకుండానే వెనక్కి తిరిగిపోతాడు. కళ్ళు తెరిస్తే ముందు దిక్సూచి లేదు, ఓడ తలకిందులయ్యేంత పనవుతుంది. దీన్ని ఎవరైనా "కథకి సంబంధం లేని సమాచారం" అంటే వాళ్ళతో నేను మాట్లాడతాను, పంపించండి.

పాతికమందినీ కదిలించాలంటే 99. ఏహబ్ తెల్ల తిమింగిలాన్ని మొదట చూసినవాడికి ఇస్తానని ఈక్వడార్ బంగారు నాణెం ఒకటి కొయ్యస్తంభానికి మేకు కొట్టి ఉంచుతాడు కదా. ఈ అధ్యాయంలో ఒక్కొక్కడే వచ్చి దాన్ని చూసి తన గోల తాను చెప్పుకుంటాడు. ఏహబ్‌కి ఆ బొమ్మల్లో అంతా తనే కనిపిస్తాడు, అతని కింద పనిచేసే ముగ్గురు అధికారుల్లో స్టార్‌బక్‌కి దేవుడు, స్టబ్‌కి పంచాంగం. ఫ్లాస్క్ మాత్రం పదహారు డాలర్లకి ఎన్ని చుట్టలు వస్తాయో లెక్కేస్తాడు. చివరికి పిచ్చివాడైపోయిన కుర్రాడు పిప్ వచ్చి నేను చూస్తాను, నువ్వు చూస్తావు, అతను చూస్తాడు అని శబ్దాలు వల్లె వేసినట్టు వల్లిస్తాడు. మీవాళ్ళలో ఎనిమిదిమందికి తలా ఒకటి పంచండి. తర్వాత మీరేమీ అడగనక్కర్లేదు, వాదన వాళ్ళే మొదలుపెడతారు.

నుంగంబాక్కం నుంచి:

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మన పిల్లలకి మన నవలలే తెలియవు. చెన్నైలో తెలుగు పుస్తకం కొనాలంటేనే ఊరంతా తిరగాలి. ఇలాంటప్పుడు ఎక్కడో నాంటకెట్ దీవి వాళ్ళు తిమింగిలాల్ని చంపుకున్న కథకి ఒక ఆదివారం పూర్తిగా అవసరమా?

రాయపురం కుర్రాడు:

కోపమేం లేదు బాబాయ్ గారూ, మంచి ప్రశ్నే. కానీ 89వ అధ్యాయం ఒక్కటి చదివి చెప్పండి, నాలుగైదు పేజీలు కూడా ఉండదు. తిమింగిలాల వేటలో తగాదాలు తీర్చే చట్టం గురించి అది. మనుషులున్న పడవకి తాడుతో తగులుకుని ఉంటే తిమింగిలం ఆ పడవవాళ్ళది, ఎవరి తాడూ లేకుండా తిరుగుతుంటే ముందు పట్టుకున్నవాడిది, అంతే, రెండే సూత్రాలు. ఒక కోర్టు కేసు చెప్పి నవ్విస్తాడు. నవ్వుతుండగానే ఇదే చట్టాన్ని దేశాలకి తిప్పుతాడు. 1492లో అమెరికా ఏమిటి, రష్యా జారు చక్రవర్తికి పోలండ్ ఏమిటి, ఇంగ్లండుకి ఇండియా ఏమిటి, రేపు అమెరికాకి మెక్సికో ఏమవుతుంది, ఎవరి తాడూ లేని చేపలే కదా అంటాడు. ఇది అచ్చయింది 1851లో. అప్పటికి మనం కంపెనీ పాలనలో ఉన్నాం, మెక్సికో యుద్ధం ముగిసి మూడేళ్ళయింది. తన దేశాన్ని కూడా ఆ వరసలో నిలబెట్టాడు చూడండి.

దామెర్ల వెంకటాద్రి నాయకుడి దగ్గర 1639లో కంపెనీవాళ్ళు తీరం ముక్క రాయించుకుంటేనే కదా ఈ ఊరు మొదలైంది, ఆయన తండ్రి చెన్నప్ప పేరు మీదే కదా చెన్నపట్నం. ఆ వాక్యం చదవడానికి ఇంతకంటే సరైన ఊరు ఏముంటుంది? మన నవలలు వద్దని ఎవరూ అనలేదు, అవి మిగతా ఆదివారాలు ఉన్నాయి.

మత్స్యావతారం కూడా ఉంది ఇందులో! 82లో ప్రళయం తర్వాత నీళ్ళ అడుగున ఉండిపోయిన వేదాల్ని తేవడానికి విష్ణువు తిమింగిలమై దిగాడని రాశాడు. 55లో ఎలిఫెంటా గుహల్లో ఉన్న విష్ణువు తిమింగిలం బొమ్మే ప్రపంచంలోకెల్లా పాతదన్నాడు. 40లో తుఫాను వచ్చేముందు ఒక లాస్కర్ నావికుడు (తూర్పుదేశాల నుంచి, ముఖ్యంగా మన దగ్గర్నుంచి ఓడల్లో పనికి వెళ్ళినవాడు) బ్రహ్మ మీద ఒట్టేసి, గంగనీ శివుణ్ణీ తలుచుకుంటాడు. మనవాళ్ళకి ఈ దారిలోంచి పరిచయం చేస్తే ఈజీగా పట్టుకుంటారు. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో సత్యవ్రతుడి దోసిట్లోకి వచ్చిన చేపపిల్ల ఘట్టం మా అమ్మమ్మకి నోటికొచ్చు, పక్కన పెట్టి చదవొచ్చు.

తిరువాన్మియూర్ మేష్టారు:

రాయపురం కుర్రాడికి. 89 గురించి నువ్వు చెప్పింది అక్షరాలా నిజం, నేనే ముందు చెప్పాల్సింది. విష్ణువు దగ్గర మాత్రం కొంచెం జాగ్రత్త. మెల్విల్ అక్కడ వేళాకోళంలో ఉన్నాడు. తిమింగిలాల వేటగాళ్ళ సంఘంలో పెర్సియస్, సెయింట్ జార్జ్, హెర్క్యులిస్, జోనా, విష్ణువు సభ్యులు, మాకంటే గొప్ప సంఘం ఎవరికుంది అని మీసం మెలేసే అధ్యాయం అది. 55లో కూడా ఆ ఎలిఫెంటా బొమ్మని ఎత్తుకున్నది తోక అంతా తప్పుగా ఉందని చెప్పడానికే. ఆయన ఇండియా వచ్చినవాడు కాదు, ఎలిఫెంటా శివుడి గుహలు. "అమెరికా నవల్లో మన దేవుడున్నాడు" అని పోస్టర్ వేస్తే జనం వస్తారు, వచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళిపోతారు. దానికి బదులు పోతన పద్యాలు, మెల్విల్ పేరా ఒకదాని తర్వాత ఒకటి చదివి, ఒకడు భక్తితో, ఇంకొకడు అల్లరిగా ఒకే చేపని ఎలా ఈదించారో చూడమనండి. మీ అమ్మమ్మగారిని తప్పకుండా తీసుకురా నాయనా.

కాశిమేడు లెక్కలు:

నేను సాహిత్యం మనిషిని కాదండి, కానీ ఈ థ్రెడ్ చూసి ఒకటి చెప్పాలనిపించింది. మా నాన్న నెల్లూరు జిల్లా తీరం నుంచి వచ్చి కాశిమేడులో బోట్ల మీద పనిచేశారు. నేను ఇప్పుడు కొందరు బోటు ఓనర్లకి అకౌంట్స్ చూస్తాను. ఈ నవల నేను చదివింది 16వ అధ్యాయం కోసమే అన్నట్టయింది. ఓడలో ఎవరికీ జీతం ఉండదు, వచ్చిన లాభంలో వాటా. ఇష్మాయేల్‌కి ఎంత ఇవ్వాలని ఇద్దరు ఓనర్లు పోట్లాడుకుంటారు. బిల్డాద్ అనే ముసలాయన చేతిలో బైబిల్ పెట్టుకుని, భూమ్మీద సంపద కూడబెట్టుకోవద్దని చదువుతూనే 777వ వంతు చాలంటాడు! రెండో ఆయన పెలెగ్ తిట్టి 300వ వంతు రాస్తాడు. తర్వాత ఇష్మాయేల్ స్నేహితుడు, దీవుల నుంచి వచ్చిన ఈటెగాడు క్వీక్వెగ్ వచ్చి నీళ్ళ మీద తేలుతున్న చిన్న తారు మరక మీదకి ఈటె విసిరి గురి చూపిస్తాడు, మారు మాట లేకుండా 90వ వంతు. అప్పటిదాకా వాణ్ణి అన్యమతస్థుడని గేటు దగ్గర ఆపినవాళ్ళే.

మా దగ్గర కూడా డీజిల్, ఐసు, సరుకుల ఖర్చు తీసేశాక మిగిలినదాంట్లోనే ఓనరు వాటా, పనివాళ్ళ వాటా. చేప పడకపోతే పనివాడికి మిగిలేది ఒళ్ళునొప్పులే. అందుకే 36లో ఏహబ్ అందరిచేతా ప్రమాణం చేయించేటప్పుడు స్టార్‌బక్ అడిగే మాట నాకు బాగా ఆనింది. నీ పగ తీరితే నాంటకెట్ మార్కెట్లో ఎన్ని పీపాల రేటు పలుకుతుంది అని అడుగుతాడు. అందరూ స్టార్‌బక్‌ని పిరికివాడంటారు. ఆ ఓడలో అందరి కూలి గురించీ నోరెత్తింది అతనొక్కడే. ఆ ఓడలో చిన్నచిన్న వాటాలు ఊళ్ళో వితంతువులవి, తండ్రిలేని పిల్లలవి కూడా అని అదే 16లో ఉంది, అది ఎవరూ పట్టించుకోరు. ఏహబ్ ముంచింది వాళ్ళ డబ్బు కూడా.

తేదీ ఇంకా పెట్టకపోతే ఏప్రిల్ 15 తర్వాత పెట్టండి. జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం, బోట్లన్నీ గట్టునే ఉంటాయి. ఇద్దరు ముగ్గురు డ్రైవర్లని తీసుకొస్తాను, తెలుగు మాట్లాడేవాళ్ళే. తుఫాను అధ్యాయాల మీద వాళ్ళు చెప్పేది వింటే మీకు వక్త అక్కర్లేదు.

మారతహళ్ళి పద్మిని:

నేను బెంగళూరు నుంచండి. మా గ్రూపులో కూడా పెద్ద పుస్తకాలు పెట్టినప్పుడల్లా పూర్తి చెయ్యనివాళ్ళు వెనక వరసలో కూర్చుని నోరు విప్పరు, చదివిన నలుగురే మాట్లాడుకుంటారు. అందుకని ఇప్పుడు ఒక నియమం పెట్టుకున్నాం. ఎంత చదివినా సరే, ఒక్క పేరా గుర్తుపెట్టుకుని తెచ్చి పైకి చదవాలి, ఎందుకు తెచ్చారో చెప్పాలి. వచనం ఇంగ్లీషులోనే చదువుతాం, మాటలన్నీ తెలుగులో. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో నవల ఫ్రీగా ఉంది. కళ్ళు నొప్పి అనే పెద్దవాళ్ళకి మోబీ డిక్ బిగ్ రీడ్ అని ఇంగ్లండువాళ్ళు చేసిన ఆడియో ఉంది, ఒక్కో అధ్యాయం ఒక్కొక్కరు చదివారు, అదీ ఫ్రీనే. వంట చేస్తూ వినొచ్చు.

ఇంతసేపు మాట్లాడారు గానీ ఇందులో ఆడవాళ్ళు ఎక్కడున్నారని ఒక్కరూ అడగలేదేం? చేపల సూపు వడ్డించే సత్రం ఆవిడ, ఓడలోకి పచ్చళ్ళూ కలాలూ మోసుకొచ్చే ఛారిటీ అత్తయ్య, అంతటితో సరి. అయినా నన్ను కూర్చోబెట్టింది 132వ అధ్యాయం. చివరి వేటకి ముందు రోజు ఏహబ్ స్టార్‌బక్‌తో మాట్లాడతాడు. నలభై ఏళ్ళు సముద్రం మీదే, గట్టున గడిపింది మూడేళ్ళు కూడా లేదు, యాభై దాటాక చిన్న పిల్లని పెళ్ళి చేసుకుని మర్నాడే ఓడెక్కాను, పెళ్ళాడిన రోజునే ఆ పిల్లని విధవని చేశాను అంటాడు. పగ గురించి పేజీలు పేజీలు మాట్లాడిన మనిషి ఇంటి గురించి మాట్లాడేది ఇక్కడే. మొగుళ్ళు గల్ఫ్‌లోనో ఆన్‌సైట్‌లోనో ఉన్న ఇళ్ళు మన గ్రూపుల్లో లేవా? ఆ అధ్యాయం మగవాళ్ళకి ఇవ్వకండి, ఆడవాళ్ళ చేత చదివించండి.

దాని వెంటనే 128 కూడా, వెనక్కి వెళ్ళి అయినా సరే. రేచెల్ అనే ఓడ కెప్టెన్ తన పన్నెండేళ్ళ కొడుకు ఉన్న పడవ తప్పిపోయిందని, రెండురోజులు వెతకడానికి సాయం రమ్మని ఏహబ్‌ని బతిమాలతాడు. నీకూ కొడుకున్నాడు కదా అంటాడు. ఏహబ్ టైం లేదంటాడు. నా దృష్టిలో నవల అక్కడే తేలిపోయింది, తర్వాత మూడురోజుల వేట దాని జరుగుబాటు మాత్రమే. చివర్లో ఇష్మాయేల్‌ని నీళ్ళలోంచి తీసేది ఆ రేచెల్ ఓడే, ఇంకా పిల్లాణ్ణి వెతుక్కుంటూ తిరుగుతోంది. లండన్‌లో మొదట అచ్చయినప్పుడు ఆ ఉపసంహారం పడలేదు. అందరూ చచ్చిపోతే కథ ఎవడు చెబుతున్నాడయ్యా అని అక్కడి సమీక్షకులు ఉతికేశారు, పాపం.

రాయపురం కుర్రాడు:

పద్మిని అక్కా, 128 గురించి ఒప్పుకుంటున్నాను. ఇంకో రెండు చెప్పి ఆపేస్తాను. కాలేజీ వాళ్ళకి 91, 92 ఇవ్వండి. స్టబ్ ఒక ఫ్రెంచి ఓడవాళ్ళని మోసం చేసి కంపు కొడుతున్న తిమింగిలం కళేబరంలోంచి సెంట్లలో వాడే ఖరీదైన అంబర్‌గ్రిస్ కొట్టేసే కామెడీ. మన తీరంలో అంబర్‌గ్రిస్ అమ్మబోయి పట్టుబడ్డారని పేపర్లో అప్పుడప్పుడు వస్తుంది కదా, 1972 వన్యప్రాణి చట్టం కింద అది మన దగ్గర నేరం. వాళ్ళకి అక్కణ్ణుంచి ఇంటరెస్ట్ వస్తుంది.

సదస్సుకి ముందు ఎగ్మోర్ మ్యూజియానికి కూడా వెళ్ళి రండి, అక్కడ తిమింగిలం అస్థిపంజరం ఉంది. 102, 103 చదివి వెళ్తే ఇంకా మజా. ఇష్మాయేల్ ఒక దీవిలో అస్థిపంజరాన్ని కొలిచి, భద్రంగా దాచుకునే దారి వేరే లేక ఆ కొలతలు కుడిచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుంటాడు. అంతా చేసి, ఎముకలు చూస్తే అసలు జంతువు గురించి ఏమీ తెలియదంటాడు.

అయనావరం పాఠకుడు:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. నిన్న సాయంత్రం కమిటీ కూర్చుంది. ఫాదర్ మాపుల్ సంగతి చెప్పగానే పెద్దాయన ముఖ్య అతిథి మాటే మర్చిపోయి, వేదిక మీదకి నిచ్చెన ఎలా కట్టాలని వాచ్‌మన్‌ని పిలిచి అడుగుతున్నారు. పత్రాలు లేవు.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం అనుకున్నాం, కత్తిరి ఎండలు మొదలవకముందే. పొద్దున 9వ అధ్యాయం, దాని తర్వాత 16, వాటాల మీద కాశిమేడు ఆయన మాట్లాడతారు (డ్రైవర్లని తప్పకుండా తీసుకురండి సార్, భోజనాలు మావే). టిఫిన్ అయ్యాక 36, ఆ తర్వాత 40 అందరం పాత్రలు పంచుకుని నాటకంలా, అది ఎలాగూ నాటకంలాగే రాశాడు. అందులో స్పానిష్ నావికుడు డాగూ అనే నల్లజాతి ఈటెగాణ్ణి రంగు పేరెత్తి రెచ్చగొట్టి కత్తుల దాకా వచ్చే ముక్క ఉంది, దాన్ని తీసెయ్యకుండా చదివి మాట్లాడుకుంటాం. 89, 96, మధ్యాహ్నం భోజనం. తిన్నాక నిద్ర రాకుండా 99. ఆ తర్వాత పద్మిని గారు చెప్పిన వరసలోనే 132, 128, చివర్లో ఉపసంహారం. పోతన, విష్ణువు ఎక్కడ ఇరికించాలో ఇంకా తేలలేదు, మేష్టారు వస్తే ఆయనకే వదిలేస్తాం. 32 ఎవరూ చదవనక్కర్లేదని గ్రూపులో పెట్టాను, ఆగిపోయినవాళ్ళలో ఇద్దరు అప్పుడే 40 దాటేశారు.

40లో లాస్కర్ నావికుడి పాత్ర ఇంకా ఖాళీగానే ఉంది. చిన్నదే, కానీ గట్టి గొంతు కావాలి. నుంగంబాక్కం బాబాయ్ గారూ, మీరేమైనా?

నుంగంబాక్కం నుంచి:

89 చదివాను. ఆ పాత్ర నాకు రాసుకోండి. అయితే మే నెలలో మన నవల ఒకటి పెట్టాలి, ఏదన్నది నేను చెబుతాను.